కాగితం ఆయుష్షు పది రోజులు

ముందే ఒప్పేసుకుంటాను. ఇంటి లోను వాయిదాలు కట్టలేక, కొంచెం గడువివ్వండి మహాప్రభో అని మీరెప్పుడైనా బ్యాంకు వెబ్‌సైటులో అర్జీ పెట్టుకుని ఉంటే, మీరు ఎక్కించిన కాగితం పక్కన కొన్నాళ్ళకి ఎర్రటి అక్షరాల్లో "గడువు ముగిసింది, మళ్ళీ ఎక్కించండి" అని వచ్చి ఉంటే, అది నా పనే. ఆ రంగు కూడా నేనే ఎంచాను. మొదట నారింజ పెట్టాను. ఇంకొంచెం సీరియస్‌గా ఉండాలని బ్యాంకువాళ్ళు అన్నారు.

మా కంపెనీ బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ చేసి పెడుతుంది. మూడేళ్ళ కింద ఆ అర్జీల పేజీ నా నెత్తిన పడింది. నా మొదటి పెద్ద పని. రూలు చాలా సింపుల్: అర్జీకి ఆరు కాగితాలు కావాలి, ఆరూ తాజాగా ఉండాలి. ఎంత తాజాగా అంటే ముప్పై రోజులన్నారు. టెస్టింగుకి ముప్పై రోజుల పాత కాగితాలు ఎక్కడ దొరుకుతాయని నేను పది పెట్టి చూశాను. తర్వాత మార్చేద్దామనుకున్నాను. నా బతుకులో "తర్వాత" అనే మాటకి క్యాలెండర్‌లో చోటు లేదు.

పది అలాగే ఉండిపోయింది. రెండో నెలకే బ్యాంకులో పెండింగు అర్జీలు గుట్ట నుంచి గుప్పెడుకి వచ్చేశాయి. ఎవరికీ గడువు ఇవ్వలేదు, ఎవరినీ కాదనలేదు. ఆరో కాగితం దొరికేలోపు మొదటిది పాతబడిపోతుంది, దాన్ని తెచ్చేలోపు రెండోది. నలభై అయిదు రోజులయ్యాక అర్జీ దానంతట అదే మూతపడుతుంది. బ్యాంకువాళ్ళు ఆనందంతో మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేశారు. ఆయన ప్రతి విషయాన్నీ స్లైడుగా చూస్తాడు కాబట్టి ఆయన్ని మేం స్లైడు సార్ అంటాం. కిందికి దిగే పచ్చ బాణం ఒకటి గీసి, దాని కింద నా పేరు వేశాడు. నాకు గిఫ్ట్ కూపన్ ఇచ్చారు. హెడ్‌ఫోన్లు కొనుక్కున్నాను. బాగా పనిచేస్తాయి, బయట ఎవరు ఏమన్నా వినపడదు.

ఇక మా పిన్ని.

పిన్ని స్కూలు యూనిఫాంలు కుడుతుంది. ఇంటి ముందుగది అంతా మిషను, కత్తిరింపు బల్ల, నీలం గుడ్డ తాన్లు. వెనక రెండు గదుల్లో కాపురం. బాబాయ్ బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్ళు ఎంత వానలోనైనా ఒక్క గీత పడకుండా బస్సు నడిపిన మనిషి, ఆగి ఉన్న బస్సు దిగుతూ మెట్టు జారి మోకాటి చిప్ప పగలగొట్టుకున్నాడు. సగం జీతం మీద సెలవు. ఆ సంగతి నాకు తెలుసు. చూడ్డానికి వెళ్ళాను, పళ్ళు పట్టుకెళ్ళాను. వాయిదాలు ఆగిపోయాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. మా ఇళ్ళల్లో రోగాలు చెప్పుకుంటాం, అప్పులు దాచుకుంటాం.

ఒక సాయంత్రం నా ప్యాంటు జిప్పు పోతే పిన్ని దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద మందపాటి కాగితం ఒకటి ఉంది. దాని మీద పిన్ని ఎవరిదో చొక్కా కొలతలు రాసుకుంది. ఛాతీ ముప్పై రెండు, చెయ్యి పద్దెనిమిది. ఊరికే తిప్పి చూశాను. అవతలి వైపు వేలం నోటీసు. ఈ ఇంటిదే. తారీకు చూస్తే ఇరవై రోజులుంది.

"పిన్నీ, ఇదేంటి?"

"తలుపుకి అంటించి పోయారు. చింపాను. కాగితం బావుంది, పారెయ్యడం ఎందుకని."

"ఇల్లు వేలం వేస్తామంటున్నారే."

"నాకూ చదువొచ్చులే. ఆ జిప్పు ఇటివ్వు."

లోపలి గదిలోంచి బాబాయ్ గొంతు వచ్చింది. "ఆ పిల్లనడుగు, అదేదో బ్యాంకు కంప్యూటర్లే కదా చేస్తుంది. నాలుగుసార్లు ఎక్కించాం కాగితాలు. ఎక్కించినవి ఎక్కించినట్టే కుళ్ళిపోతున్నాయి. అవేమన్నా టమాటాలా?"

పిన్ని ఫోను తీసుకుని పేజీ తెరిచాను. ఆరు కాగితాలు, నాలుగు ఎర్రగా. ఆ ఎరుపుని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

మర్నాడు పొద్దున్నే స్లైడు సార్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆ పది రోజుల రూలు తప్పు. బ్యాంకు అడిగింది ముప్పై. నేనే పొరపాటున వదిలేశాను."

"తెలుసు," అన్నాడాయన.

"తెలుసా?"

"రెండో నెలలోనే చూశాను. బ్యాంకు కూడా చూసింది. ముట్టుకోవద్దన్నారు. పొరపాటు అంటావేంటి, అదే మన సక్సెస్. నీ కూపన్ దాని మీదే వచ్చింది."

"జనం ఇళ్ళు పోతున్నాయి సార్."

"ఇళ్ళు పోవడం మన స్కోపులో లేదమ్మా. మనది అర్జీ పేజీ." ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకీ లోనుంది, ఆయన జుట్టు చూస్తే తెలుస్తుంది. "మార్చాలంటే రిక్వెస్టు పెట్టు. బ్యాంకు ఒప్పుకుంటే మూడు నెలల్లో మారుతుంది."

నిజం చెప్పాలంటే నేను సీట్లో కూర్చుని ఆ పదిని ఇరవై నిమిషాలు చూశాను. రెండు అంకెలు. మార్చడానికి మూడు సెకన్లు పడుతుంది. కానీ మేం ఏది మార్చినా పక్కన మా పేరు పడుతుంది. పిన్ని ఇల్లూ పోయి నా ఉద్యోగమూ పోతే ఇద్దరం కలిసి ఎక్కడ కూర్చోవాలి? ధర్మం అడ్డొచ్చిందని గొప్పలు పోను. భయమేసింది, ఫైలు మూసేశాను.

సాయంత్రం పిన్ని ఇంటికెళ్ళి మొత్తం చెప్పేశాను. పది ఎలా వచ్చిందో, కూపన్ ఎలా వచ్చిందో అన్నీ. పిన్ని మిషను ఆపి విన్నది. పిన్ని మిషను ఆపడం నేనెప్పుడూ చూడలేదు. కరెంటు పోయినా కాలితో తొక్కుతుంది.

"అంటే ఇన్నాళ్ళూ నన్ను చెప్పులరిగేలా తిప్పింది నువ్వా?"

"నేనే."

"ఆ హెడ్‌ఫోన్లు దీనికి ఇచ్చినవేనా?"

"అవే."

"నువ్వేదో పెద్ద పని చేస్తావని వీధంతా చెప్పుకున్నానే. పెద్ద పనే చేశావు." మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది. ఒక కాలరు పూర్తి చేసింది. దారం కొరికి అంది, "ఏడవకు, గుడ్డ మీద మరకలు పడతాయి. తెల్లవి అవి. ముందు చెప్పు, ఆరూ పది రోజుల లోపు ఉంటే ఒప్పుకుంటుందా నీ దిక్కుమాలిన పేజీ?"

"ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటే?"

"పూర్తయిన అర్జీ ఉండగా వేలం వెయ్యకూడదు. నోటీసు కిందే చిన్నక్షరాల్లో ఉంది."

"అవతల చోటు చాలక అక్కడ నేను నడుము కొలత రాసుకున్నాను," అంది పిన్ని.

చిక్కంతా డిపో కాగితంతో. బాబాయ్ ఉద్యోగం ఇంకా ఉందని, సగం జీతం వస్తోందని డిపో సర్టిఫికెట్ ఇవ్వాలి. అర్జీ పెడితే సంతకానికి పద్దెనిమిది రోజులు. బాబాయ్ నాలుగోసారి పెట్టి అయిదు రోజులైంది, అంటే ఇంకో పదమూడు. అది వేలానికి ఆరు రోజుల ముందు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ సర్టిఫికెట్ మీద సంతకమైన రోజు తారీకు వెయ్యరు, అర్జీ పెట్టిన రోజు తారీకు వేస్తారు. అక్కడ పద్ధతి అంత. అంటే ఆ కాగితం చేతికొచ్చేసరికే దానికి పద్దెనిమిది రోజుల వయసు. నా పేజీలో అది పుట్టడమే శవంగా పుడుతుంది.

"ఇది కుదరదు పిన్నీ. లెక్క ప్రకారం అసాధ్యం."

"నువ్వు లెక్క చూసుకో. నేను మనుషుల్ని చూసుకుంటాను," అంది.

మిగతా అయిదూ ఆ పదమూడు రోజుల్లో చివరి వారంలో వరసగా తెచ్చాం. డాక్టరు ఉత్తరం కోసం ఒక పూట కూర్చున్నాం. రిసెప్షన్ అమ్మాయి మమ్మల్ని చూడగానే "మళ్ళీ మోకాలేనా?" అంది. పిన్నికి ఎంత పని ఇస్తున్నారో స్కూలు హెడ్‌మిస్ట్రెస్ రాసిచ్చింది. రాసిస్తూ ఒక పిల్లాడి నిక్కరు వెనకాల చిరిగిందని, అది పిన్ని కుట్టిందేనని గుర్తుచేసింది. ఇంటిపన్ను రసీదు తెచ్చాం. బ్యాంకు స్టేట్‌మెంట్ అయితే, ఆ బ్యాంకే ఇచ్చి ఆ బ్యాంకే అడుగుతుంది. అది ఎందుకని నన్నడక్కండి. నేను ఆ పేజీ రాసినదాన్ని, నాకేం తెలుస్తుంది. చివరిది కష్టాలు వివరిస్తూ సొంతంగా రాసే ఉత్తరం. పిన్ని దాన్ని కాజాలు కుట్టే మధ్యలో రాసి పడేసింది. నన్ను చదవనివ్వలేదు.

పదమూడో రోజు సెలవు పెట్టి పిన్నితో డిపోకి వెళ్ళాను. కిటికీ అవతల గుమాస్తా, ఆయన ముందు రిజిస్టరు, దాని మీద రబ్బరు స్టాంపు.

"సంతకం అయిందా బాబూ?" అంది పిన్ని.

"అయింది. తారీకేసి స్టాంపు కొట్టి ఇచ్చేస్తా."

"ఏ తారీకేస్తారు?"

"అర్జీ మీద ఏదుంటే అది. ఇంకేది వేస్తాను?"

"ఇవాళ్టిది వెయ్యొచ్చుగా."

"ఇవాళ పెట్టారా అర్జీ?"

నేను మధ్యలో దూరాను. సర్టిఫికెట్ అనేది ఇచ్చిన రోజు పరిస్థితిని చెప్పాలి కానీ అడిగిన రోజు పరిస్థితిని కాదని, లాజికల్‌గా చూస్తే ఇది ఎలా పొసగదో రెండు పాయింట్లలో చెప్పాను. ఆయన ఓపిగ్గా విని పిన్నివైపు తిరిగాడు.

"మీ అమ్మాయా?"

"మా అక్క కూతురు. కంప్యూటర్లు చదివింది."

"అదే అనుకున్నా."

పిన్ని నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది. "బాబూ, పాత అర్జీ వద్దనుకుంటే వాపసు తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు. సంతకం చేసిన కాగితం ఇస్తే చాలు."

"కొత్తది పెట్టొచ్చా?"

"పెట్టుకోండి. మళ్ళీ పద్దెనిమిది రోజులు."

"పద్దెనిమిది రోజులు దేనికి?"

"పై ఆఫీసులో సంతకానికి."

"సంతకం మీ చేతిలోనే ఉందిగా."

గుమాస్తా చేతిలో కాగితం చూసుకున్నాడు. అక్కడ సంతకం ఉంది. తారీకు చోటు ఖాళీగా ఉంది. ఆయన వెనక గోడ మీద ఫ్యాను తిరుగుతోంది, మా వెనక క్యూలో ఎవరో దగ్గారు. పిన్ని సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. ఒకటి పాత అర్జీ వాపసుకి, ఒకటి కొత్త అర్జీ. రెండింటి మీదా బాబాయ్ సంతకం ముందే ఉంది. తారీకు ఇవాళ్టిది.

"ఇలా ఎవరూ అడగలేదమ్మా ఇక్కడ," అన్నాడాయన.

"అడక్కూడదా?"

ఆయన రిజిస్టరు వెనక్కి తిరగేసి చూశాడు. "కూడదని ఎక్కడా రాసి లేదు."

రిజిస్టరులో ఒక వరస కొట్టేసి, కింద కొత్త వరస రాసి, ఇవాళ్టి తారీకేసి స్టాంపు కొట్టాడు. నేను నాలుగేళ్ళు కష్టపడి చదివిన చదువు ఆ కిటికీ దగ్గర చుట్టచుట్టుకుని సంచిలో కూర్చుంది.

ఇంటికొచ్చి ఆరూ ఎక్కించాం. ఒక్కొక్కటీ పచ్చగా అయింది. ఆరో పచ్చ నేను టెస్టింగులో తప్ప ఎప్పుడూ చూడలేదు. బాబాయ్ కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. పిన్ని బటన్ నొక్కింది.

తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో చిన్న నల్లటి అక్షరాలు: "ఇక్కడ ఏదైనా మంచి మాట రాయాలి. తర్వాత చూద్దాం."

"ఇదేంటే?" అంది పిన్ని.

"నేను రాసుకున్నదే."

"ఏం మంచి మాట?"

"తెలీదు పిన్నీ. ఖాళీ వదిలేశాను. ఈ మూడేళ్ళల్లో ఇక్కడిదాకా ఎవరూ రాలేదు, అందుకే ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు."

బాబాయ్ వంగి ఆ తెల్ల పేజీని చూశాడు. "అంటే బోర్డు మీద ఊరి పేరు రాశారు గానీ రోడ్డు వెయ్యలేదన్నమాట," అన్నాడు.

అర్జీ చేరిందో గాలిలో కలిసిందో నాకే తెలీదు. మర్నాడు బ్యాంకు తెరిచేసరికి గేటు దగ్గరున్నాం. వేలానికి అయిదు రోజులు.

హోమ్ లోన్ల మేడమ్ మా నాన్న కంటే పెద్దది. కళ్ళద్దాలు గొలుసుకి వేలాడుతున్నాయి. పిన్ని ఖాతా నంబరు కొట్టి, స్క్రీను చూసి, అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇక్కడ 'పూర్తయినవి' అని ఒక గడి ఉంటుంది. ఎప్పుడూ సున్నానే. అది డెకరేషన్ అనుకున్నాను నేను. ఇవాళ ఒకటి చూపిస్తోంది."

"అది నేనే," అంది పిన్ని.

మేడమ్ లోపలికెళ్ళి దుమ్ము పట్టిన రూల్సు పుస్తకం తెచ్చింది. చాలాసేపు తిరగేసి, వేలితో పట్టుకుని చదివింది. పూర్తయిన అర్జీ ఉంటే వేలం ఆపాలి. అధికారి నిర్ణయం చెప్పాలి. ఒప్పుకుంటే ఒక సంతకం. కాదంటే కారణాలు తన చేత్తో రాసి, సంతకం పెట్టి, అర్జీదారుకి చేతికివ్వాలి. పై ఆఫీసుకి ఫోన్ చేసింది. మాకు ఇటువైపు మాటలే వినపడ్డాయి.

"అవును సార్, పూర్తయింది... నిజంగానే... తిరస్కరించమంటారా? ఏ కారణం రాయమంటారు?... మీ పేరు మీద మెయిలు పెట్టండి మరి... హలో? హలో?" ఫోను కింద పెట్టింది. "లైను కట్టయింది. లైను బాగానే ఉంది, ఆయనే కట్టయ్యాడు."

తర్వాత పిన్ని ఉత్తరం తెరిచింది. బయటికి చదవలేదు కానీ స్క్రీను నావైపు కొంచెం తిరిగి ఉంది. నేనూ అప్పుడే చదివాను.

"మా ఆయన మోకాలు పగిలింది. తొమ్మిది నెలల్లో మళ్ళీ బస్సెక్కుతాడని డాక్టరు అంటున్నాడు. నేను రోజుకి పదకొండు యూనిఫాంలు కుడతాను, పరీక్షలప్పుడు తక్కువ. మీకు సగం కట్టగలను, పూర్తిగా కట్టలేను. ఇల్లు అమ్మేస్తే మిషను ఎక్కడ పెట్టుకోవాలో మీరే చెప్పాలి. ఈ ఉత్తరం రాయడం అయిదోసారి. మొదటిసారి ఏడుస్తూ రాశాను. ఇప్పుడు కాజాలు కుడుతూ రాస్తున్నాను."

మేడమ్ అద్దాలు తీసేసింది. పిన్ని వంక చూడకుండా, పెన్నుల డబ్బా వంక చూస్తూ మాట్లాడింది.

"నా సంతకంతో ఎవర్నీ ఇంట్లోంచి పంపలేదమ్మా ఇప్పటిదాకా. కంప్యూటర్ పంపేది. నేను దాన్ని తిట్టుకుని ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. మంచి ఏర్పాటు." పుస్తకం తనవైపు లాక్కుంది. "కాదనడానికి ఒక్క కారణం రాయాలన్నా ఇప్పుడు నేనే ఆలోచించాలి. ఆలోచిస్తే దొరకట్లేదు."

తొమ్మిది నెలలు సగం వాయిదా, మిగతాది లోను చివర్లో. రాసి, సంతకం పెట్టి, వేలం రద్దు కాగితం పిన్ని చేతికిచ్చింది. పిన్ని దాన్ని రెండుసార్లు చదివి, తారీకు చూసి, అప్పుడు మడిచింది.

బయటికొచ్చాక బస్టాపులో పిన్ని నా భుజమ్మీద తల పెట్టింది. బస్సొచ్చింది, ఎక్కలేదు. రెండోది కూడా వదిలేసింది. మూడోది ఎక్కాం.

కథ ఇక్కడ ఆపేస్తే నేను మంచిదాన్ని అయిపోతాను. కానీ వారం తర్వాత స్లైడు సార్ పిలిచాడు.

"బ్యాంకు నుంచి సీరియస్ బగ్. ఒక అర్జీ పూర్తయిందట."

"అది బగ్ ఎలా అవుతుంది సార్?"

"ఎప్పుడూ అవ్వనిది అయితే బగ్ కాక ఏంటి? ఎలా అయిందో కనుక్కుని మూసెయ్యమన్నారు. ఒకే ఊపులో ఆరు కాగితాలు కొత్తవి వస్తే అనుమానంగా పక్కన పెట్టాలట. నీకే ఇస్తున్నాను."

అది మా పిన్ని అర్జీ అని, అందులో నా చెయ్యి ఉందని, ఈ పని నేను చెయ్యనని చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. తిడతాడేమో అనుకున్నాను. గది తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"చూడు, ఒక్కళ్ళుంటే బగ్ అంటారు. రెండు వందల మందుంటే రిక్వైర్‌మెంట్ అంటారు. పది రోజుల వల్ల మూతపడ్డ అర్జీలు, నిజం మనుషులవి, రెండు వందలు తే. ఆ పది ముప్పై అవ్వాలని నేనే స్లైడు చేసి బ్యాంకు ముందు పెడతాను. నెలాఖరు దాకా ఈ బగ్ ఎవరికీ ఇవ్వను. అంతకంటే ఆపలేను."

ఇప్పటికి నా దగ్గర పదిహేడు ఉన్నాయి. అన్నీ పిన్ని ముందుగదిలోంచి వచ్చినవే. ఈ మధ్య అక్కడికి గుడ్డల కంటే కాగితాలు పట్టుకొచ్చేవాళ్ళే ఎక్కువయ్యారు. పిన్ని కొలతలు తీసుకుంటూనే, ఏ కాగితం ఏ రోజు తెచ్చుకోవాలో, ఏ కిటికీ దగ్గర ఏం అడగాలో చెబుతోంది. ఆ పేజీ చేసింది నేనేనని మాత్రం ఎవరికీ చెప్పట్లేదు. "ఈవిడా? మా అక్క కూతురు, జిప్పు వేయించుకోడానికొచ్చింది," అంటోంది.

అందుకే ఇదంతా రాశాను. మీ అర్జీ కూడా ఇలా మూతపడి ఉంటే కింద రాయండి. ఏ కాగితం పాతబడింది, ఎవరు ఎన్ని రోజులు తిప్పారు, చివరికి ఇల్లు ఉందా పోయిందా. పేరు అక్కర్లేదు. కష్టాలు వివరించే ఉత్తరం కాపీ ఉంటే అది కూడా పెట్టండి, ఎన్నోసారి రాసిందైనా సరే. నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులుంది, నూట ఎనభై మూడు కావాలి. నన్ను తిట్టాలనుంటే తిట్టండి, అదీ చదువుతాను. కాకపోతే పిన్ని కూడా చదువుతానంటోంది. ఆవిడ బదులిస్తే బాధ్యత నాది కాదు.